కడుపు కట్టేస్తే ఆముదమేనా?



ఈ రోజు మలబద్ధకం గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడే బాధ ఇది. సిగ్గుపడి ఊరుకుంటాం. మరీ ఎక్కువైతే ఆముదం సీసా తీస్తాం.

పాలమూరు, నల్లగొండ మెట్ట చేలకు ఆముదం పాత పంట. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెడితే నూనె పైకి తేలుతుంది. గింజలో రిసిన్ అనే విషం ఉంది. అది నూనెలోకి రాదు, పిప్పిలో మిగులుతుంది. పిల్లల్ని మాత్రం గింజలు నమలనివ్వకండి. ప్రాణం మీదికి వస్తుంది.

మరి నూనె ఏం చేస్తుంది? పేగును గట్టిగా కదిలిస్తుంది. రెండు నుంచి ఆరు గంటల లోపల విరేచనం అవుతుంది. కడుపులో మెలిపెడుతుంది కూడా. పేగు అంతా ఖాళీ అయిపోతుంది కాబట్టి మర్నాడు, ఆ మర్నాడు దొడ్డికి రాదు. అది మామూలే. మనం ఏమనుకుంటాం? మళ్ళీ కట్టేసింది అనుకుంటాం. మళ్ళీ ఆముదం తాగుతాం. ఇలా అలవాటు చేసుకోకూడదు. ఆముదం మందు. తిండిలో వాడే నూనె కాదు. దీపాల కోసం అమ్మే ఆముదం అసలే తాగకూడదు.

గర్భిణికి ఆముదం పోయవద్దు. అది గర్భసంచిని కూడా కదిలిస్తుంది. నొప్పులు రావాలని పోసే పెద్దమ్మలు ఇక్కడే ఉన్నారు, నాకు తెలుసు! కోపం తెచ్చుకోకండి. పసిబిడ్డలకూ వద్దు. ముక్కు మూసి పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిమ్ము చేస్తుంది. తల్లిపాలు తాగే బిడ్డ కొందరు నాలుగైదు రోజులకొకసారి కూడా వెళ్తారు. మెత్తగా వెళ్తూ, హుషారుగా ఉంటే భయం లేదు.

తినే నూనెల సంగతి వేరు. 2015లో బ్రెజిల్ పరిశోధకులు ఒక పరిశోధన అచ్చువేశారు. కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకునే 50 మందితో నాలుగు వారాలు చేశారు. కొందరికి ఆలివ్ నూనె, కొందరికి అవిసె నూనె ఇచ్చారు. మొదట రోజుకు 4 మిల్లీలీటర్లే, అంటే చిన్న చెంచా కూడా నిండదు. మలబద్ధకం తగ్గింది. ఆలివ్ నూనె ధర వింటే మనకు కళ్ళు తిరుగుతాయి. అవిసెలు మనవే కదా! వేయించి పొడి కొట్టుకోండి. గింజలో నూనెతో పాటు పీచు కూడా ఉంటుంది. గానుగ ఆడిస్తే పీచు చెక్కలో పోతుంది. నువ్వుల పొడి కూడా అంతే. ఈ పొడులు తిన్నప్పుడు నీళ్ళు బాగా తాగాలి.

ఆడవాళ్ళతో ఒక మాట. మరుగుదొడ్డి లేని చోట, చేను పనిలో, పొద్దుగూకేదాకా ఆపుకుంటాం. వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగం. ఆపుకున్న కొద్దీ పెద్దపేగు మలంలోని నీటిని పీల్చేస్తుంది. మలం రాయిలా గట్టిపడుతుంది. దీనికి ఏ నూనె ఏం చేస్తుంది? నీళ్ళు తాగండి. ఆకుకూర, జొన్నరొట్టె, జామపండు తినండి. వచ్చినప్పుడు ఆపుకోకండి. కూలికి వెళ్ళే చోట మరుగు కావాలని మేస్త్రీని అందరూ కలిసి అడగండి.

కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే ఆముదం ముట్టవద్దు. మలంలో రక్తం పడినా అంతే. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంకేమైనా అడగాలంటే అడగండి. నలుగురిలో అడగలేనివాళ్ళు పలక మీద రాసి నాకు చూపించండి.