నర్సు విద్యయు మన కుటుంబములును

(గుడియాత్తంలో జరిగిన మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నర్సు విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరినారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము, వైద్యులము కాము. అయినను మనవారిని రాయవేలూరు ఆస్పత్రులకు తీసికొనిపోవుట, చీటీ వ్రాయించుట, వారి మాట వైద్యులకు చెప్పుట అను పనులు చాలకాలముగా మాపై పడుచున్నవి. అందు చూచినదియు, తెలిసినవారి నడిగి తెలిసికొన్నదియు మీ ముందుంచుచున్నాము.

మన ఇండ్లలో ఆడుబిడ్డ డాక్టరగుదునన్న అందరును సంతోషింతురు. నర్సగుదునన్న ముఖము చిట్లింతురు. రాత్రి డ్యూటీ యందురు, పరాయివారి దేహము ముట్టవలెనందురు, సంబంధములు కుదరవందురు. ఆ మాట అన్నవారే తమ తండ్రి మంచము పట్టిననాడు, ఓపికగల నర్సు దొరకిన బాగుండునని వరండాలో ఎదురుచూతురు. ఇతరుల బిడ్డ చేయవచ్చును గాని మన బిడ్డ చేయరాదనుట మాకు న్యాయముగా తోచదు.

అందునను మన ప్రాంతమువా రీ మాట అనుట మరియు వింత. 1870లో రాణిపేటలో జన్మించిన ఐడా స్కడ్డరమ్మగారి కథ మీరెరిగినదే. 1890వ దశకపు ఆరంభమున ఆమె తిండివనములో నుండగా, ఒకే రాత్రి ముగ్గురు గృహస్థులు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలకు సాయము చేయుమని వేడిరి. ఆమెకు వైద్యము రాదు. వైద్యుడైన తండ్రి వచ్చునన్న, పురుషుడు ముట్టరాదని వారు సమ్మతింపలేదు. ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆమె అమెరికాలో వైద్యము చదివి వచ్చి 1900లో వేలూరులో ఒక్క మంచముతో చికిత్స ఆరంభించెను. 1902లో నలువది మంచముల ఆస్పత్రి, 1909లో నర్సుల పాఠశాల, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ఏర్పడినవి. వైద్య పాఠశాల కంటె నర్సుల పాఠశాల తొమ్మిదేండ్లు ముందు వచ్చినదని గమనింపుడు. మన గుడియాత్తం బాటలో చెట్టునీడన బండి నిలిపి మందులిచ్చినదియు ఆమెయే. 1946లో నర్సు విద్య డిగ్రీ చదువుగా దేశమున ఢిల్లీలోను వేలూరులోను మొదలయ్యెను. ఇంత దగ్గర నున్న చదువునకు ఎక్కడెక్కడి బిడ్డలో వచ్చుచున్నారు. మనవారు మాత్రము తక్కువ.

నర్సు పనియనగా మంచము సర్దుట, మందు అందించుట యని చాలమంది అభిప్రాయము. అది పొరబాటు. మా వీథిలో ఒక పెద్దాయనకు పక్షవాతము వచ్చెను. ఇంటివారు ఎంతో భక్తితో, కదిపిన నొప్పి కలుగునని, వెల్లకిలగనే పరుండబెట్టిరి. నడుము క్రింద చర్మ మెఱ్ఱబడెను. నూనె రాచి గట్టిగా మర్దించిరి. పుండు లోతుపడెను. ప్రేమకు లోటు లేదు, లోపించినది తెలివిడి. నడుము చివరి ఎముక, తుంటి, మడమ అను చోట్ల మాంసము పలుచన. అక్కడ ఎముకకును పరుపునకును నడుమ చర్మము నలిగి, సన్నని రక్తనాళములు మూసికొనిపోయి, ఆ భాగమునకు నెత్తురు అందదు. అందుచేతనే రెండు గంటల కొకసారి ప్రక్క మార్చుట; అందుచేతనే ఎఱ్ఱబడిన చోట రుద్దకుండుట. శరీర నిర్మాణము చదివిన నర్సు ఎముక ఎక్కడ పొడుచునో ముందుగా తెలిసి చూచును. పిఱుదు నడుమగా కాలికి దిగు పెద్ద నరము నెరుగనివాడు సూది వేసినచో కాలు చచ్చుబడవచ్చును. శాస్త్రము పుస్తకములో నుండి చేతిలోనికి వచ్చుట యనగా ఇదియే.

అంగడిలో దినమంతయు కూర్చుండు మనకు చక్కెర వ్యాధి కొత్త కాదు. అది ముదిరిన పాదములకు స్పర్శ పోవును. మేకు గ్రుచ్చుకొన్నను తెలియదు. 1946లో వేలూరునకు వచ్చిన పాల్ బ్రాండ్ వైద్యుడు కుష్ఠురోగుల చేతులు, కాళ్లు పాడగుటకు ముఖ్య కారణము నొప్పి తెలియకపోవుటయే యని గుర్తించెను. ఆ జ్ఞానమే నేడు చక్కెర రోగి పాదమునకును వర్తించుచున్నది. తిమ్మిరెక్కిన కాలికి వేడినీళ్ల కాపడము పెట్టు అలవాటు మన ఇండ్లలో ఉన్నది. బొబ్బలెక్కినను రోగికి తెలియదు.

ఇక మన భాష సంగతి. చిత్తూరు, పలమనేరు, కుప్పము ప్రాంతములనుండి తెలుగువారు వేలూరునకు వచ్చుచునే యుందురు. మన ముసలమ్మ తన బాధను ఎన్ని మాటలతో చెప్పునో వినుడు: పోటు, సలుపు, మంట, తిమ్మిరి, గుంజుట, మెలిపెట్టుట. సలుపనిన లోపల చీము పట్టుచుండవచ్చును, తిమ్మిరనిన నరము, మెలిపెట్టుట యనిన ప్రేగు. వీనినన్నిటిని తమిళములో ‘వలి’ యని ఒక్క మాటగ చెప్పివచ్చిన మనుమడు సగము రోగమును వాకిటనే వదలివచ్చినట్లే. తమిళమునకు మాటలు లేక కాదు, మనుమనికి తొందర. కడుపనిన మనవారికి జీర్ణకోశమును కావచ్చును, గర్భాశయమును కావచ్చును. గుండెలో మంట అనిన అది పులితేన్పో, నిజముగ గుండెపోటో. చక్కెర రోగులకు నొప్పి లేకయే గుండెపోటు వచ్చుట కలదు. తెలుగును, దేహనిర్మాణమును రెండును ఎరిగిన బిడ్డ మంచము ప్రక్క నున్నచో, ‘ఎక్కడమ్మా? చూపించు, చేతికి పాకుచున్నదా, చెమట పట్టినదా?’ యని అడుగగలదు.

వైద్యుడు శస్త్రచికిత్స లాభనష్టములు పదిమాటలలో చెప్పగా, కొడుకు తండ్రితో ‘ఏమీ లేదు నాయనా, సంతకము పెట్టు’ అనుట మేము పలుమారులు చూచితిమి. ఆ సంతకము అంగీకారము కాదు. రోగికి అర్థము కాలేదని నర్సునకు తెలిసినచో, వైద్యునికి తెలిపి తిరిగి చెప్పింపవలసిన బాధ్యత ఆమెది.

అన్నిటికంటె కష్టమైనది రహస్యము. చిన్న ఊరు, అందరును చుట్టములే. వార్డులో ఒకరిని చూచినచో సాయంకాలమునకు అన్ని ఇండ్లకు తెలియును. 1986లో చెన్నపట్టణములో తీసిన రక్తములను వేలూరులో పరీక్షించి, ఎయిడ్సు క్రిమి మన దేశమున నున్నదని మొదట కనుగొనిరి. రోగము కంటె బయటపడుటకే జనులు భయపడిరి. సమ్మతి లేక ఆ సంగతి వెల్లడింపరాదని 2017లో చట్టమును వచ్చెను. కాని క్షయకైనను, మనోవ్యాధికైనను ధర్మ మొక్కటే. ఒకరి బాకీ మరియొకరికి చెప్పు వర్తకుని మీరు నమ్ముదురా? సంబంధము చూచుటకు వచ్చినవారు, ‘ఆ ఇంటి పిల్ల ఆస్పత్రిలో నున్నదట, ఏమి జబ్బు?’ అని మీ నర్సు బిడ్డ నడిగినచో, ఆమె చెప్పరాదు. తల్లికిని చెప్పరాదు. తల్లులారా, మీరును అడుగరాదు.

పండ్రెండవ తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదువుచున్న బిడ్డలున్న ఇండ్లవారు సభ ముగిసిన పిదప మాతో మాట్లాడుడు; సీట్లకు దరఖాస్తు పెట్టు విధమును కనుగొని చెప్పుదుము. మరియొక పని గలదు. నొప్పులకు, దేహభాగములకు మన ఇండ్లలో వాడు తెలుగు మాటలను తమిళపు అర్థములతో చేర్చి, తమిళ లిపిలోనే ఒక చిన్న పట్టిక వ్రాయించ సంకల్పించితిమి. మన బిడ్డలలో పలువురికి తెలుగు లిపి రాదు గదా. మీ ఇంటి అవ్వల నడిగి, వారి మాటలను ఒక కాగితముపై వ్రాసి వచ్చు ఆదివారము లోపల కార్యదర్శిగారికి అందజేయుడు.