ఉద్యోగం నుంచి తొలగింపు: నాడు – నేడు

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉండగా తోటి ఉద్యోగుల పక్షాన ఎన్నో ఎంక్వయిరీలలో డిఫెన్స్ అసిస్టెంటుగా కూర్చున్నాను. 1989లో ఓడిన ఒక కేసు మాత్రం ఇప్పటికీ మరపునకు రాదు. ఒక మిత్రునికి రిమూవల్ ఆర్డరు ఇచ్చారు. ఎంక్వయిరీ ఆఫీసరు రిపోర్టులో ఏముందో చూపమన్నాం. "అది ఆఫీసు కాగితం" అన్నారు.

పూర్వం ప్రభుత్వోద్యోగికి, రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం, శిక్ష వేయబోయే ముందు రెండో నోటీసు ఇచ్చేవారు. దానితోపాటు రిపోర్టు కాపీ వచ్చేది. 1976 నాటి 42వ సవరణలో ఆ రెండో నోటీసు పోయింది. నోటీసుతోబాటు కాపీ కూడా పోయింది!

1990 నవంబరు 20న రంజాన్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు కాపీ ఇవ్వాల్సిందేనన్నది. 1993లో మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగి కరుణాకర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం, ప్రభుత్వమైనా ప్రైవేటైనా అన్ని సంస్థలకూ ఇది వర్తిస్తుందని తేల్చింది. అయితే కాపీ ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం తిరిగి రాదు, దానివల్ల నష్టం జరిగిందని చూపాలి. పైగా 1990 నవంబరు 20 తర్వాతి ఆర్డర్లకే ఈ తీర్పు. మా మిత్రుని ఆర్డరు అంతకు ఏడాది ముందుది. ఆయనకు ఏమని చెప్పను?

ఇక నేటి సంగతి. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. ఫ్యాక్టరీలో రిట్రెంచ్‌మెంటుకు ప్రభుత్వ అనుమతి కావాలంటే, కేంద్ర చట్టంలో 100 మంది కార్మికులని ఉన్నది 300 అయింది. ఏడాది సర్వీసున్న కార్మికునికి నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం మాత్రం 1953 నుంచి ఉన్నవే, ఇప్పుడూ ఉన్నాయి.

మన పిల్లల కంపెనీల్లో ఎంక్వయిరీ మాటే వినబడదు. గదిలోకి పిలిచి, రాజీనామా రాయమంటున్నారట. రాజీనామా చేసినవారికి రిట్రెంచ్‌మెంటు పరిహారం రాదు. "నేను మేనేజర్ని, నాకు ఈ చట్టం లేదు" అని పిల్లలే అంటుంటారు. కోర్టులు హోదా పేరు చూడవు, చేసే పని ఏమిటో చూస్తాయి.

మీ ఇంట్లో అలాంటి కబురు వస్తే, అపాయింట్‌మెంటు ఆర్డరు, జీతం స్లిప్పులు తీసుకుని మన సంఘం ఆఫీసుకు రమ్మనండి. సంతకం పెట్టకముందే రమ్మనండి. సెలవు.