గాలికి నిలిచే హెలికాప్టర్

ఇంట్లో ఎగరేసే బుల్లి రిమోట్ హెలికాప్టర్ మీద మోజు తీరిందా? బయట ఎగరేయడానికి పెద్దది కొందామనుకుంటున్నారా? డబ్బా సైజు చూసి మోసపోకండి. పైన ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలున్నవి గదిలోకే బాగుంటాయి. చిన్న గాలికే కొట్టుకుపోతాయి. ఒకే జత రెక్కలు, తోక దగ్గర నిలువుగా తిరిగే చిన్న ఫ్యాన్ ఉన్నది అడగండి. ఎగురుతుండగా రెక్కల కోణం మారేదైతే గాలికి బాగా నిలుస్తుంది. నేర్చుకోవడం మాత్రం కష్టం. ముందు కంప్యూటర్ సిమ్యులేటర్‌లో సాధన చేయండి. విడిభాగాలు దొరుకుతాయో లేదో కనుక్కోండి, రెక్కలు విరగక మానవు! తిరిగే రెక్క వేలు తెగ్గొట్టగలదు. పిల్లల చేతికివ్వకండి.

ఇక హైదరాబాద్ బల్కంపేటలో ఉంటే డాబాల మీద ఎగరేయడం వద్దే వద్దు. పక్కనే బేగంపేట విమానాశ్రయం. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో అనుమతి ఉన్న చోటు చూసుకుని, జనం లేని మైదానంలోనే ఎగరేయండి.