పెరటికి ఏ కోడి? నాటు పెట్టను వదలకుండా గుడ్లు పెంచుకుందాం

(భద్రాచలం–ఖమ్మం అడవి అంచు గ్రామాల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి ధర మీద, మిర్చి ధర మీద, పోడు పట్టాల మీద మనం ఎన్నో సమావేశాలు పెట్టుకున్నాం. కోడి మీద మాట్లాడేదేముందని కొందరికి అనిపించవచ్చు. చర్ల, దుమ్ముగూడెం, ములకలపల్లి, దమ్మపేట వైపు ఎకరం, రెండెకరాలు చేసుకునే ఇళ్లలో జ్వరం వచ్చినా, బడి ఖర్చు వచ్చినా ముందు సంతకు పోయేది కోడే. ఆ డబ్బు ఆడవాళ్ల చేతికి వస్తుంది. అందుకే ఏ జాతి కోడిని పెంచాలన్నది ఇంటి బడ్జెట్‌కు సంబంధించిన మాట.

ముందు మన నాటు పెట్ట సంగతి చూద్దాం. ఏడాదికి యాభై అరవై గుడ్లకు మించి పెట్టదు. కానీ అది తానే పొదుగుతుంది, 21 రోజులకు పిల్లలను దింపుతుంది, గద్ద నీడ పడగానే రెక్కల కింద దాస్తుంది. చెట్టెక్కి పడుకుంటుంది. చెదలు, పురుగులు, రాలిన గింజలు ఏరుకుని బతుకుతుంది. అసీల్ కూడా మన నేలదే. డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగును బట్టి పిలుచుకుంటాం. గుడ్లు తక్కువైనా గట్టి మాంసం, మంచి ధర. సంక్రాంతి ముందు మైదానం నుంచి వచ్చేవాళ్లు పుంజులకు ఎక్కువ ధర ఆశ చూపుతారు. పందేలు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. ఆ ఆశతో మంచి పుంజులన్నీ అమ్మేస్తే ఊళ్లో పెట్టలకు జత ఉండదు.

ఇక మెరుగు జాతులు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసం వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి అనే రకాలను తయారు చేసింది. వనరాజ బరువు కోడి, త్వరగా పెరుగుతుంది. పెరట్లో ఏడాదికి సుమారు 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ గుడ్ల కోడి, 160 నుంచి 180 దాకా పెడుతుంది. ఒళ్లు తేలిక, కాళ్లు పొడుగు కాబట్టి కుక్కకో ముంగిసకో అంత తేలిగ్గా దొరకదు. శ్రీనిధి ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. వనరాజ బరువు వల్ల ఎగరలేదు. కంచె, రాత్రికి గట్టి గూడు లేని ఇంట్లో దాన్ని అడవి పిల్లికి పెంచినట్టే.

ఈ రకాల గురించి రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఇవి పొదగవు. రెండు, ఇవి సంకర రకాలు. హైబ్రిడ్ పత్తి గింజను దాచి మళ్లీ వేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. వీటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టి పిల్లలు తీసినా ఆ పిల్లలు తల్లి అంత పెట్టవు. పిల్లల కోసం మళ్లీ కొనాల్సిందే. నాటు పెట్టలన్నీ అమ్మేసి వీటినే నమ్ముకుంటే, సరఫరా ఆగిన ఏడాది పెరడు ఖాళీ అవుతుంది. మెరుగు జాతి పుంజును నాటు పెట్టలతో కలవనిస్తే నాలుగైదేళ్లలో మన జాతి కలిసిపోతుంది.

అందుకని నా సలహా ఇది. నాలుగైదు నాటు పెట్టలు, ఒక మంచి నాటు పుంజు ప్రతి ఇంట్లో ఉండాలి. పిల్లలకు, బాలింతలకు గుడ్లు కావాలంటే ఐదారు గ్రామప్రియ పెట్టలు చాలు. తినే గుడ్డుకు పుంజు అక్కర్లేదు, కాబట్టి గ్రామప్రియ పుంజులను కూరకు వాడుకోండి. వనరాజను కంచె, గూడు ఉన్నవాళ్లే పెంచండి.

కడక్‌నాథ్ గురించి చాలామంది అడుగుతున్నారు. అది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి, 2018లో భౌగోళిక గుర్తింపు పొందింది. మంచి కోడే, గుడ్లు తక్కువ. కొనేవాడెవరో తెలియకుండా దిగవద్దు. డబ్బు కట్టండి, పెంచండి, మేమే కొంటామన్న మాట నమ్మి 2019లో మహారాష్ట్ర సాంగ్లీ వైపు రైతులు మునిగారు. పోలీసు కేసులయ్యాయి.

పిల్లలు తెచ్చేటప్పుడు ఒక రోజు పిల్లలు కాకుండా నెల దాటినవి అడగండి. మొదటి వారాల్లో బల్బు వెచ్చదనం, మంచి దాణా కావాలి. కరెంటు నిలకడ లేని ఊళ్లో అది కష్టం. బండ్ల మీద అమ్మే రంగులద్దిన పిల్లలను కొనవద్దు.

జాతి ఏదైనా కొక్కెర తెగులు వస్తే వారంలో గూడు ఖాళీ. టీకా ఉంది. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా చుక్క కంట్లో వేయాలి, 28వ రోజున మళ్లీ. ఎనిమిది పది వారాలకు ఆర్‌టూబీ ఇంజెక్షన్. సీసా ఒక్కటే వందల కోళ్లకు సరిపోతుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్ల ఇల్లు ఒంటరిగా తెచ్చుకోలేదు. ఊరంతా ఒకే రోజు, తెల్లవారుజామున కోళ్లు గూడు విడవకముందే వేయించుకోవాలి. సంఘం పని ఇక్కడే ఉంది.

జాతీయ పశుసంపద మిషన్ కింద గ్రామీణ కోళ్ల పెంపకానికి 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల సబ్సిడీ ఉంది. అది వెయ్యి తల్లి కోళ్లు పెట్టగలిగిన వాళ్లకు. పది కోళ్ల ఇంటికి అందులో చోటు లేదు. మనం అడగాల్సినవి మూడు: ఊరిలో టీకా రోజు, నెల దాటిన పిల్లలను పెంచి ఇచ్చే మహిళా సంఘాల యూనిట్లు, పంపిణీలో నాటు జాతికి కూడా చోటు.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. గోదావరి మన్యంలో వాటా పద్ధతి పాతదే. పెట్ట ఉన్న ఇల్లు లేని ఇంటికి ఇస్తుంది, దిగిన పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. ప్రతి గ్రామ కమిటీ ఈ నెలలో కోడి లేని ఇళ్ల జాబితా రాయండి. ఎవరి పెట్ట ఎవరికి వాటాకు పోవాలో వచ్చే సమావేశంలో తేల్చుకుందాం. టీకా తేదీ కూడా ఆ రోజే ఖాయం చేద్దాం.