షుగర్ పెరిగినా, పడిపోయినా గుర్తుపడదాం



మొన్న సాగర్ కాల్వ నీళ్లొచ్చి నాట్లు పడేటప్పుడు, మా సంఘంలో ఒక అక్క పొద్దున షుగర్ గోలీ వేసుకొని, తినకుండానే పొలానికి వచ్చింది. పదకొండింటికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. షుగర్ పెరిగిందనుకొని మేము చాయ్ కూడా తాగనియ్యలేదు. ఆశా అక్క వచ్చి చూస్తే 52 ఉంది. చక్కెర నీళ్లు తాగించినంక తేరుకుంది. ఆ రోజు తప్పు మాదే.

షుగర్ పెరిగితే దాహం, మాటిమాటికీ ఒంటేలు, నీరసం, చూపు మసక. ఇది ఎక్కువగా మెల్లమెల్లగా చెడగొడుతుంది. పడిపోతే నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. 70 కన్నా తగ్గితే పడిపోయినట్టే. తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటకు నెమ్మదించకపోతే మళ్లీ ఇవ్వాలి, తర్వాత అన్నం పెట్టాలి. పెరిగిందో తగ్గిందో తెలియకపోయినా ముందు చక్కెరే ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి.

ఒక్కపొద్దు ఉండేవాళ్లు గోలీ సంగతి ముందే డాక్టర్‌ను అడగాలి.

ఇప్పుడు మా సంఘంలో షుగర్ ఉన్నవాళ్ల సద్దిమూటలో చక్కెర పొట్లం ఉంటుంది. మీ సంఘాల్లో కూడా పెట్టించండి.