అరికాళ్ల మంటను తేలిగ్గా తీసుకోవద్దు

(ధూళిమిట్ట రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కరెంటు, యూరియా గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు మన కాళ్ల గురించి మాట్లాడుకుందాం. మడిలో దిగేది ఈ కాళ్లే. అవి మొద్దుబారితే వ్యవసాయం ఎక్కడిది?

మన సభ్యుడొకరికి నాట్లప్పుడు కాలిలో ముల్లు దిగింది. నొప్పి తెలియలేదు. వారం తర్వాత చీము పట్టాకే చూసుకున్నాడు. దవాఖానకు పోతే షుగర్ ఎప్పటినుంచో ఉందని తేలింది. రెండు వేళ్లు తీసేశారు. అంతకు రెండేళ్ల ముందు నుంచే అరికాళ్లు మండుతున్నాయని చెబుతూనే ఉన్నాడు. 'నరాల బలహీనతే, సూది వేయించుకో' అన్నది మనమే.

నరాల బలహీనత అనేది జబ్బు పేరు కాదు. తిమ్మిర్లు, మంటలు, చెప్పు జారిపోయినా తెలియకపోవడం ఇవన్నీ గుర్తులు. కారణం వేరే ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం షుగర్. తర్వాత బీ12 విటమిన్ లోపం, ఏళ్ల తరబడి మద్యం, థైరాయిడ్, కిడ్నీ జబ్బులు. చర్మంపై స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు కావచ్చు. దానికి సర్కారు దవాఖానలో ఉచితంగా మందులిస్తారు, నయమవుతుంది. కొన్ని మందుల వల్ల కూడా నరాలు దెబ్బతింటాయి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లు వాడితే బీ12 తగ్గవచ్చు. టీబీకి వాడే ఐసోనియాజిడ్ బీ6ను తగ్గిస్తుంది. అలాగని మాత్రలు మానొద్దు, డాక్టరును అడగండి.

పత్తి చేలల్లో మందు కొట్టేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కొన్ని ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఎక్కువగా ఒంట్లోకి పోతే, మనిషి కోలుకున్నట్టే కోలుకుని, రెండు మూడు వారాలకు కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే గాలికి ఎదురుగా కొట్టొద్దు. చేతులకు గ్లౌజులు, కాళ్లకు బూట్లు, నిండా బట్టలు ఉండాలి. మందు కలిపిన చేత్తో బీడీ ముట్టొద్దు. పని కాగానే సబ్బుతో స్నానం చేయాలి. ఎవరైనా పడిపోతే డబ్బా మీది లేబుల్‌తో సహా దవాఖానకు తీసుకుపోవాలి.

ఇక తిండి సంగతి. బాగా పాలిష్ పట్టిన బియ్యం ప్రధానమైన ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి వ్యాపించింది. తవుడుతో పాటు బీ1 పోవడమే కారణం. మరి జొన్న తింటే చాలా? జొన్నే ఆధారంగా బతికిన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా కనిపించిందని నేటి జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1960లలో గుర్తించారు. అంటే ఏ గింజా ఒక్కటే సరిపోదు. అన్నం, జొన్నరొట్టెతో పాటు పప్పు, పెసర్లు, పల్లీలు, ఆకుకూరలు ఉండాలి. బియ్యం పదేపదే కడగొద్దు, గంజి పారబోయొద్దు. బీ12 మొక్కల ఆహారంలో దాదాపు దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. పాలన్నీ కేంద్రానికి పోసి, ఇంట్లో నల్లచాయ్ తాగే మనకే ఈ లోపం వస్తుంది. ఒక గ్లాసు పాలు ఇంటికి ఉంచుకోండి.

లోపం ఎంతో తెలియకుండా బలం సూదులకు డబ్బు తగలేయొద్దు. బీ6 మాత్రలు మోతాదు మించి చాలాకాలం మింగితే అవే నరాలను చెడగొడతాయి. బీ12 లోపం చూడకుండా ఒక్క ఫోలిక్ యాసిడ్ మాత్రలే వాడితే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లు రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి. చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్లతో చూపించుకోవాలి. ఒట్టి కాళ్లతో నడవొద్దు. కాళ్లు మండుతున్నాయని వేడినీళ్లలో, నిప్పు దగ్గర పెట్టొద్దు.

అన్నీ మనమే చూసుకుంటే సర్కారు ఎందుకు? ప్రతి పల్లె దవాఖానలో షుగర్ ఉన్నవారికి ఏడాదికోసారి కాళ్ల స్పర్శ పరీక్ష చేయాలి. బీ12 పరీక్ష, మందు ఉచితంగా అందాలి. పురుగుమందు అమ్మేచోటే రక్షణ సామగ్రి తక్కువ ధరకు ఇవ్వాలి. వినతిపత్రం సిద్ధంగా ఉంది, సంతకాలు పెట్టండి. బైరాన్‌పల్లి బురుజును చూస్తూ పెరిగినవాళ్లం మనం. హక్కు అడగడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇంటికి పోగానే మొదట మీ అమ్మానాన్నల అరికాళ్లు చూడండి.