గుఱ్ఱము యోగ్యత – మోసిన బరువు

పందెమున ముందు వచ్చిన గుఱ్ఱమే మేలైనదని లోకము తలచును. కాలము కొలిచినను చాలదు. నేల మెత్తనైనచో వేగము తగ్గును. కావున నేలతీరును గణించియే వేగపు అంకెను కట్టుదురు.

హ్యాండీక్యాప్ పందెములందు పూర్వపు పరుగులనుబట్టి ప్రతి గుఱ్ఱమునకు అంకె నిర్ణయించి, అంకె హెచ్చిన కొలది బరువు హెచ్చింతురు. 1964 డిసెంబరులో ఇంగ్లండునందలి చెల్టెన్‌హామ్‌లో ఐర్లండు గుఱ్ఱమగు ఆర్కిల్ 178 పౌనులు మోసి మూడవదయ్యెను. గెలిచిన ఫ్లయింగ్ వైల్డ్ మోసినది 146 పౌనులే! ఆ రెంటి నడుమ ఎడము సుమారు ఒక గుఱ్ఱపు నిడివి మాత్రమే. 32 పౌనులు అధికముగా మోసియు అంత చేరువకు వచ్చుట సామాన్యము కాదు.

టైమ్‌ఫారమ్ సంస్థ ఆర్కిల్‌కు 212 అంకె నొసగెను. అడ్డంకులు దాటు గుఱ్ఱములలో నేటికిని అంతకు మించిన అంకె లేదు. ఓడినదని త్రోసివేయుటకు ముందు, అది మోసిన బరువెంతయో అడుగుట న్యాయము.